శుభ్రతకు సర్టిఫికెట్టు చాలునా?

నర్సీపట్నం: చింతపల్లి, జి.కె.వీధి కొండల నుంచి దిగివచ్చే గిరిజనులకైనా, గొలుగొండ, నాతవరం, మాకవరపాలెం, రోలుగుంట మండలాల రైతుకూలీలకైనా జబ్బు ముదిరితే దిక్కు నర్సీపట్నం ఏరియా ఆసుపత్రి. డాక్టరు ఎంత గొప్పవాడైనా, మందులు ఎంత మంచివైనా, ఏ ఆసుపత్రిలోనైనా వార్డు నేల తుడవకపోతే ఒక రోగంతో వచ్చినవాడు మరో రోగం అంటించుకుని పోతాడు. చీపురు పట్టిన చెయ్యి కూడా వైద్యంలో భాగమే.

రాష్ట్రంలో ప్రభుత్వ ఆసుపత్రుల పారిశుద్ధ్యం పనిని చాలాకాలంగా ప్రైవేటు సంస్థలకు కాంట్రాక్టు మీద అప్పగిస్తున్నారు. శుభ్రం చేసే వ్యాపారంలో ఉన్న కంపెనీలు ‘మాకు ఐ.ఎస్.ఓ. ఉంది’ అని గొప్పగా చెప్పుకుంటాయి. ఆ ముద్ర విలువ ఎంతో జనానికి తెలియాలి.

ముద్ర వేసేదెవరు?

ఐ.ఎస్.ఓ. జెనీవాలో ఉన్న అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ. ప్రమాణాలు రాయడం వరకే దాని పని. అది ఎవరికీ సర్టిఫికెట్టు ఇవ్వదు. తనిఖీ చేసి సర్టిఫికెట్టు ఇచ్చేవి వేరే సంస్థలు. ఆ సంస్థలకు ఆ అర్హత ఉందో లేదో చూసి గుర్తింపు ఇచ్చేది మన దేశంలో భారత నాణ్యతా మండలి కింద ఉన్న ఎన్.ఏ.బి.సి.బి. విదేశాల్లోనూ ఇటువంటి బోర్డులు ఉన్నాయి. ఏ బోర్డు గుర్తింపూ లేని సంస్థ ఇచ్చిన కాగితం తహసీల్దారు సంతకం లేని పట్టా వంటిది. చూడడానికి బాగుంటుంది, అక్కరకు రాదు.

అసలైన సర్టిఫికెట్టుకైనా హద్దు ఉంది. ఐ.ఎస్.ఓ. 9001 చూసేది సంస్థ పని నడిపే పద్ధతిని. ఎవరి బాధ్యత ఏమిటి, ఫిర్యాదు వస్తే ఏం చేస్తారు, రికార్డులు సరిగా ఉన్నాయా అని చూస్తుంది. ఈ పూట వార్డు తుడిచారా లేదా అన్నది ఆ కాగితం చెప్పదు. దాని గడువు మూడేళ్ళు. నడుమ ఏటేటా తనిఖీ జరగాలి.

బ్రిటన్‌లో 1961లో ఏర్పడిన శుభ్రతా శాస్త్ర సంస్థ దారి వేరు. పనిచేసే మనిషికే శిక్షణ ఇచ్చి, పని చేయించి చూసి, అతని పేరనే పత్రం ఇస్తుంది. మన దగ్గర కూడా కొలవవలసింది ఆ నేర్పునే.

కాయకల్ప చెప్పిన పాఠం

కేంద్ర ప్రభుత్వం 2015 మే 15న ప్రారంభించిన ‘కాయకల్ప’ ఈ విషయంలో మేలు. ఆసుపత్రి మొదట తన మార్కులు తానే వేసుకుంటుంది. తరువాత వేరే ఆసుపత్రి వారు, చివరకు బయటి పరిశీలకులు వచ్చి వేస్తారు. నూటికి 70 రాకపోతే బహుమతి లేదు. వచ్చిన సొమ్ములో 75 శాతం ఆసుపత్రి బాగుకు, 25 శాతం సిబ్బందికి. ఆ పాతికలో కాంట్రాక్టు పనివారికీ వాటా అందడం న్యాయం.

2016 నాటి ఆసుపత్రి వ్యర్థాల నిబంధనలూ అంతే సూటిగా ఉన్నాయి. సూదులు తెల్ల డబ్బాలో, ప్లాస్టిక్ గొట్టాలు ఎర్ర సంచిలో, రక్తం అంటిన దూది పసుపు సంచిలో, గాజు సీసాలు నీలం డబ్బాలో వేయాలి. సూది తప్పు సంచిలో పడితే గుచ్చుకునేది సంచి ఎత్తే మనిషికే. అందుకే ఆ పనివారికి శిక్షణ, ధనుర్వాతం, హెపటైటిస్-బి టీకాలు ఇవ్వాలని ఆ నిబంధనలే చెబుతున్నాయి.

తక్కువ రేటు ఎవరి పొట్ట కొడుతుంది?

గిట్టని రేటుకు టెండరు దక్కించుకున్న కంపెనీ మిగుల్చుకోగలిగేది ఫినాయిలులోను, చేతి తొడుగుల్లోను, జీతాల్లోను మాత్రమే. కాంట్రాక్టరు జీతం ఎగవేస్తే పని అప్పగించిన యజమానే ఇవ్వాలన్నది 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం పెట్టిన సూత్రం. 2025 నవంబరులో అమలులోకి వచ్చిన కొత్త కార్మిక స్మృతుల్లోనూ అది నిలిచింది. నెలల తరబడి జీతం అందని మనిషి చేత వార్డు అద్దంలా మెరవాలంటే ఎలా మెరుస్తుంది?

అలాగని సర్టిఫికెట్లు దండుగ అనడమూ తప్పే. నిజమైన తనిఖీ వెనుక ఉంటే, పద్ధతి లేని సంస్థను గడప బయటే ఆపడానికి అవి పనికివస్తాయి. అయితే ఆ ఖర్చు భరించలేని స్థానిక చిన్న సంస్థ, పని బాగా చేసేదైతే, కేవలం కాగితం లేదని తోసివేయరాదు. కాగితం ఒక అర్హత కావాలే గాని, అదే అర్హత కారాదు.

అధికారులు, ఆసుపత్రి అభివృద్ధి సంఘాలవారు తలచుకుంటే కానిది లేదు. శుభ్రం చేసే సంస్థ సర్టిఫికెట్టు నంబరు, ఇచ్చినవారి పేరు, గడువు తేదీ అందరికీ కనిపించే బోర్డు మీద రాయించాలి. ప్రతి వార్డు ముందు ఏ పూటకు ఆ పూట తుడిచిన వేళ రాసి, దాని మీద కాంట్రాక్టరు మనిషి గాక వార్డు నర్సు సంతకం చేయాలి. జీతాలు, పి.ఎఫ్., ఇ.ఎస్.ఐ. చెల్లించిన రసీదులు చూపాకే బిల్లు ఇవ్వాలి. పనివారి టీకాలు, శిక్షణ వివరాలు రిజిస్టరులో ఉండాలి.

ప్రజల పని కూడా కొంత ఉంది. వార్డులో ఉమ్మివేయకుండా, అరటితొక్క మంచం కింద పడేయకుండా ఉంటే చాలు. ఆపైన బోర్డు చదివి, నేల చూసి, రెండూ ఒకే మాట చెప్పకపోతే అడగడం వారి హక్కు.