గోడకి అవతలి బడి

మళ్ళీ అదే మాట. 'మా కాన్వెంటు డిసిప్లినే వేరబ్బా!' ఏ పాత విద్యార్థినుల కలయికకి పోయినా ఇదే పాట. సిస్టర్ల బెత్తం, మడిచి కట్టిన రెండు జడలు, తెలుగు మాట్లాడితే రూపాయి ఫైను, వాటి మీద బోలెడు మురిపెం. నేనూ నెల్లూరులో అలాంటి ఆడపిల్లల బడిలోనే పదేళ్ళు చదివాను. పేరు చెప్పను. నా పేచీ మన జ్ఞాపకాలతో.

మా కాంపౌండులో రెండు బళ్ళుండేవి. గేటుకి ఎదురుగా ఫీజు కట్టే ఇంగ్లీషు మీడియం. చర్చి వెనక, ఎయిడ్ మీద నడిచే తెలుగు మీడియం. మధ్యలో నడుమెత్తు గోడ. మా వైపు డాక్టర్ల పిల్లలు, రైసుమిల్లుల పిల్లలు, ఎక్కువమంది హిందువులమే. అటువైపు మాల, మాదిగ క్రైస్తవుల పిల్లలు, పట్టపుపాళేల నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చేవాళ్ళు. మా క్లాసు ఊడ్చే ఆయమ్మ కూతురు అటే చదివేది. పదేళ్ళలో ఆ పిల్ల పేరేంటని ఒక్కసారి కూడా అడగలేదు నేను.

ఈ తీరంలో మిషనరీల కథ కాథలిక్కులతోనే మొదలవలేదు. అమెరికన్ బాప్టిస్టులు 1840లోనే నెల్లూరు చేరారు. జె.ఎం.జె. సిస్టర్లు హాలండు నుంచి గుంటూరు వచ్చింది 1904లో. నెల్లూరు డయాసిస్ 1928లో ఏర్పడింది. ఎవరు వచ్చినా, వాళ్ళ బళ్ళని నిలబెట్టింది ఊరిబడి అరుగు ఎక్కనివ్వని జనమే. డే స్కూలు కావడం కూడా చిన్న సంగతేం కాదు. హాస్టలు ఖర్చు లేదు, సాయంత్రానికి పిల్ల ఇంటికొచ్చి తమ్ముణ్ణి ఎత్తుకుంటుంది, సరే పోనీ అని పంపేవాళ్ళు.

కాన్వెంటంటే కన్యస్త్రీలుండే మఠం. మన తెలుగులో అది ఇంగ్లీషు మీడియం ప్రైవేటు బడి అయిపోయింది. వెంకటేశ్వరస్వామి పేరుతో కూడా కాన్వెంట్లున్నాయి. కన్యస్త్రీలు పోయారు, ఫీజు మిగిలింది.

ఇక అసలు సంగతి. ఇలాంటి బళ్ళకి రాజ్యాంగం 30వ అధికరణం కింద మైనారిటీ హక్కుంది. ఉండాల్సిందే, దాన్ని కాదనేవాళ్ళతో నాకు పొత్తు లేదు. కానీ విద్యాహక్కు చట్టం పేదలకిమ్మన్న 25 శాతం సీట్లు ఈ బళ్ళకి వర్తించవని 2014లో ప్రమతి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ హక్కు ఎవరి పేరున వచ్చిందో ఆ పిల్ల సంగతేంటి? 1950 నాటి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవురాలైతే ఆమె ఎస్సీ కాదు. మన రాష్ట్రంలో బీసీ-సి, ఒక్క శాతం రిజర్వేషన్. బడికి ఆమె మతం పనికొస్తుంది, ఆమెకి మాత్రం అదే అడ్డం.

2021లో ప్రభుత్వం ఎయిడెడ్ బళ్ళని ఎయిడ్ వదులుకొమ్మన్నప్పుడు తల్లిదండ్రులు రోడ్డెక్కారు. గొడవయ్యాక కాస్త వెనక్కి తగ్గింది. ఎయిడ్ పోతే మూతపడేది గోడకి ఏ వైపు బడో మనకి తెలీదా? డిసిప్లిన్ గురించి పేజీలు రాసే మనలో ఎంతమంది నోరు విప్పాం? నేనూ విప్పలేదు.

'సిస్టర్లే లేకపోతే నువ్వు ఈ నాలుగు ముక్కలు రాసేదానివా?' అంటారు. రాసేదాన్ని కాదు. నా చదువు వాళ్ళ చలవే. మరి అదే సిస్టర్ల దగ్గర చదివిన అటువైపు పిల్లలు మన కథల్లోకి ఎందుకు రారు?

డిసెంబరులో మళ్ళీ కలుస్తున్నారట. పిలుపు మా వైపు బ్యాచ్‌లకే వచ్చింది. తెలుగు మీడియం వాళ్ళని కూడా పిలిస్తే వస్తానని రాశాను. ఇంతవరకు జవాబు లేదు.