రహదారికి కొలబద్ద

గ్రామసీమలగుండ బోవు రెండు వరుసల రహదారిపై బయనించిన ప్రతివానికిని ఈ యనుభవము కలదు. ముందు బరువెత్తిన లారీ మెల్లగ సాగుచుండును. దాని వెనుక బస్సు, బస్సు వెనుక కార్లు బారులుతీరి యుండును. దాటిపోవలెనన్న నెదుటివారి త్రోవలోనికి దిగవలెను. ఎదుట తెఱపి యుండదు. ఇట్టి బాట మంచిచెడ్డలను దేనితో గొలువవలెను? ఇది యింజనీర్లకే విడిచిపెట్టదగిన ప్రశ్న కాదు. ప్రజాధన మే బాటకు బోవలెనో నిర్ణయించునపుడు సాక్ష్యముగ నిలుచున దీ కొలతయే.

దినమున కెన్ని బండ్లు పోయినవను లెక్క బాట మోసిన బరువును దెలుపును గాని, బాటసారి పడిన పాట్లను దెలుపదు. అమెరికాలో 1965 నాటి రహదారి సామర్థ్య గ్రంథము సేవాస్థాయి యను పేర నాఱు తరగతు లేర్పఱచెను. 1985 నాటి ముద్రణము, ప్రయాణకాలములో నెన్నవవంతు నెమ్మదిబండి వెనుక జిక్కి గడచెనో దానినే రెండు వరుసల బాటకు ముఖ్యమైన కొలతగ గ్రహించెను. బాటప్రక్క నిలిచి, వెంబడించు బండ్ల వంతునుబట్టి దీనిని లెక్కింతురు. ఇందును లోపము కలదు. నాలుగు బండ్లలో రెండు చిక్కినను సగమే; నాలుగువందలలో రెండువందలు చిక్కినను సగమే. కావుననే 2022 నాటి యేడవ ముద్రణము మైలు పొడవున నెన్ని బండ్లు వెంబడించుచున్నవో లెక్కింపు మనెను. 2017 లో మన కేంద్ర రహదారి పరిశోధన సంస్థ వెలువరించిన గ్రంథమును వెంబడించు బండ్ల లెక్కనే చేపట్టెను. ఇంతవఱకు మార్గము సరియైనదే.

అయిన నిందొక పక్షము మిగిలిపోయినది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెసువారి 1990 నాటి సూత్రముల ప్రకారము, మైదానమున ఏడు మీటర్ల వెడల్పుగల రెండు వరుసల బాటకు దినమునకు 15,000 కారు ప్రమాణములు తగిన బరువు. కారు ఒకటి, లారీ మూడు, ట్రక్కు తగిలించిన ట్రాక్టరు నాలుగున్నర, సైకిలు అర, ఎడ్లబండి ఎనిమిది. ఎడ్లబండి యితరుల కెంత యడ్డమగునో చెప్పుటకీ యంకె యవసరమే. దానిని మేము తప్పుపట్టము. కాని బండితోలు రైతు అడ్డముగ నెనిమిదిమాఱులు లెక్కకు వచ్చెను; సేవ గోరు బాటసారిగ నొక్కమాఱైనను రాలేదు. కాలినడకవాని కా పట్టికలో జోటే లేదు. ఒక పక్షమువారి వాఙ్మూలము నాలకింపక చెప్పిన తీర్పును ఏ న్యాయస్థానమైన నంగీకరించునా?

మఱియొక విషయము. ఈ తరగతులు ప్రమాదములను లెక్కింపవు. ఓరిమి నశించి యెదుటి త్రోవలోనికి దూకినవాని మరణము సేవాస్థాయిలో గానరాదు. పై తరగతి బాట యన్నంతమాత్రమున క్షేమమైన బాట యని భ్రమింపరాదు.

ఇపుడు చేయవలసిన దేమి? కోతలు, అమ్మకములు ముమ్మరముగనున్న దినములలో నొకమాఱును, తెఱపి దినములలో నొకమాఱును, ఏడేసి దినములు రేయింబవళ్లు రాకపోకలను లెక్కింపవలెనని 1972 నాటి రోడ్స్ కాంగ్రెసు సూత్రమే చెప్పుచున్నది. చెఱకు ట్రాక్టర్లు బారులుగట్టు నెలను విడిచి తీసిన లెక్క లెక్క కాదు. ఆ లెక్కలో నడచువారిని, సైకిళ్లవారిని, బండ్లవారిని గూడ వేఱువేఱుగ జేర్చి, జనులు చదువుకొనునట్లు ప్రకటింపవలెను. అపుడు చికిత్సయు దెలియును. బండ్లు చిక్కుచున్నచోట గొంతదూరము దాటుటకొఱకు మూడవ వరుస చాలవచ్చును. ఎడ్లబండ్లు, సైకిళ్లు మెండైనచోట గట్టి యంచు చాలవచ్చును. ప్రతి బాటకును నాలుగు వరుసలే మందు కాదు.

బాటకు వెలయిచ్చువారందఱు. కొలతలో గూడ నందఱు నుండవలెను.