డిటెయిన్ చేసే ముందు సప్లీ పెట్టండి

ఒక విద్యార్థికి ఇంటర్నల్స్‌లో 40కి 38 మార్కులు వచ్చాయి, సెమిస్టర్ పరీక్షలో 60కి 20 వచ్చాయి అనుకుందాం. మొత్తం 58. హైదరాబాద్ జేఎన్టీయూ ఆర్22 నిబంధనల ప్రకారం ఆ సబ్జెక్టు ఫెయిల్. పక్క బెంచీ కుర్రాడికి ఇంటర్నల్స్‌లో 19, పరీక్షలో 21. మొత్తం 40, పాస్. సెమిస్టర్ పరీక్షలో కనీసం 35 శాతం, అంటే 21 మార్కులు రావాలన్నది నియమం. ఇంటర్నల్స్ కాలేజీల చేతిలో ఉంటాయి గనుక యూనివర్సిటీ ఈ జాగ్రత్త తీసుకుంది. అది సబబే. అయితే ఆ ఒక్క మార్కు ఒక్కోసారి ఎంత దూరం ఈడ్చుకుపోతుందో చూడాలి.

అవే నిబంధనల ప్రకారం బీటెక్ మొదటి ఏడాది నుంచి రెండో ఏడాదికి వెళ్లాలంటే 40 క్రెడిట్లలో 20 ఉండాలి. మూడో ఏడాదికి 80లో 48, నాలుగో ఏడాదికి 120లో 72. రెండో ఏడాది ముగిసేసరికి 45 దగ్గర ఆగినవాడికి 3 క్రెడిట్ల సబ్జెక్టు ఒక్కటి గట్టెక్కితే చాలు. గట్టెక్కకపోతే డిటెయిన్, అంటే పై ఏడాదికి వెళ్లనివ్వరు. పాతవి రాసుకోవడానికి సప్లిమెంటరీ పరీక్షలు, అదే సప్లీలు, ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి. కానీ టూ-టూలో, అంటే రెండో ఏడాది రెండో సెమిస్టర్లో, పోయిన సబ్జెక్టుకు సప్లీ వచ్చేసరికి త్రీ-వన్ (మూడో ఏడాది మొదటి సెమిస్టర్) తరగతులు ఎప్పుడో మొదలైపోయి ఉంటాయి. అంటే రెండో సెమిస్టర్ సబ్జెక్టుల విషయంలో విద్యార్థి తలరాత ఒకే ఒక్క పరీక్షతో తేలిపోతోంది.

ఆ తర్వాత నష్టం ఒక్క ఏడాదితో ఆగదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద చదివే పిల్లలకు ఆ సాయం ఆగిపోతుంది. సప్లీ రాసి క్రెడిట్లు తెచ్చుకుని, మరుసటి ఏడాది జూనియర్ల బ్యాచ్‌లో చేరాలి. ఈలోగా రెగ్యులేషన్ మారితే పరిస్థితి మరీ ఘోరం. పాత రెగ్యులేషన్ ఆర్18లో చేరి ఆర్22 బ్యాచ్‌లో పడ్డవాళ్లు, తాము ఎన్నడూ చదవని సబ్జెక్టులను బదులుగా రాయాల్సి వచ్చింది. నాలుగేళ్ల కోర్సుకు ఎనిమిదేళ్ల గడువు ఉందన్నది కాగితం మీద ఊరటే. కూలి చేసుకుని కొడుకును హాస్టల్లో ఉంచి చదివించే తండ్రికి ఆ గడువుతో ఏం పని?

దీనికి మందు మన దగ్గరే ఉంది. పదో తరగతి, ఇంటర్ తప్పినవాళ్లకు తెలుగు రాష్ట్రాల బోర్డులు ఏటా వేసవిలోనే అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ పెడుతున్నాయి. ఏడాది పోకూడదన్నదే దాని ఉద్దేశం. జేఎన్టీయూ కూడా ఫోర్-టూ విద్యార్థులకు అడ్వాన్స్‌డ్ సప్లీ పెడుతోంది. పట్టా చేతికందే దశలో చూపే ఆ దయ రెండో ఏడాది పిల్లవాడికి ఎందుకు దక్కకూడదు?

జవాబుపత్రం సంగతి కూడా మాట్లాడాలి. దిద్దడంలో పొరపాట్లు జరుగుతాయి. 2019లో తెలంగాణ ఇంటర్ ఫలితాలపై ఆందోళన రేగాక, ఫెయిలైన వాళ్లందరి పత్రాలనూ ప్రభుత్వం ఉచితంగా మళ్లీ పరిశీలింపజేసింది. వెయ్యిమందికి పైగా పాసయ్యారు. దిద్దిన పత్రాన్ని చూసుకునే హక్కు సమాచార హక్కు చట్టం కింద విద్యార్థికి ఉందని సుప్రీంకోర్టు 2011లోనే, సీబీఎస్‌ఈ కేసులో, తేల్చి చెప్పింది. జేఎన్టీయూకు పత్రాలను స్కాన్ చేసి తెర మీద దిద్దించడం కొత్త కాదు. అలాంటప్పుడు డిటెన్షన్ అంచున ఉన్న విద్యార్థికి ఆ పత్రాన్ని ఉచితంగా చూపడానికి అడ్డేముంది?

చదవనివాడిని పైకి నెట్టమంటున్నారా అని కొందరు అధ్యాపకులు అడుగుతారు. ఎవరూ అలా అడగడం లేదు. 48 క్రెడిట్లు 48 గానే ఉండనివ్వండి, 21 మార్కులు 21 గానే ఉండనివ్వండి. ప్రశ్నపత్రం తేలిక చేయనక్కర్లేదు. అడిగేది రెండో అవకాశం, అదీ సకాలంలో. క్యాలెండర్‌లో చోటు లేదన్న అభ్యంతరంలో మాత్రం నిజముంది. అనుబంధ కాలేజీలు ఎక్కువ, దిద్దేవాళ్లు తక్కువ. అందుకే ఈ పరీక్షను క్రెడిట్లు చాలనివాళ్లకే, ఆ ఏడాది పోయిన సబ్జెక్టులకే పరిమితం చేయాలి. అప్పుడు పత్రాల సంఖ్య రెగ్యులర్ పరీక్షల్లో చిన్న భాగమే అవుతుంది. ఫలితం వచ్చేదాకా విద్యార్థిని పై తరగతిలో తాత్కాలికంగా కూర్చోనివ్వాలి. ఆ రోజుల హాజరును లెక్కలోకి తీసుకోవాలి, లేకుంటే 75 శాతం హాజరు నిబంధన దగ్గర మళ్లీ దెబ్బతింటాడు.

కాకినాడ, అనంతపురం జేఎన్టీయూలు కూడా తమ నిబంధనలను ఈ కోణంలో సరిచూసుకోవాలి. వచ్చే విద్యాసంవత్సరం అకడమిక్ క్యాలెండర్ ఖరారయ్యే లోపే విద్యార్థులు, తల్లిదండ్రులు, అధ్యాపకులు ప్రిన్సిపాళ్ల ద్వారా రిజిస్ట్రార్‌కు వినతిపత్రాలు పంపండి. రెండో సెమిస్టర్ ఫలితాలకూ డిటెన్షన్ జాబితాకూ మధ్య ఒక సప్లీ ఉండాలని అందులో స్పష్టంగా రాయండి.