బాటను బట్టి బండి

మంచిచెడులలో మంచిని ఎన్నుకోవడం సులభం. రెండు మంచి వస్తువులలో ఒకదానిని ఎన్నుకోవడమే కష్టం. అటువంటి సందర్భంలో మనిషి తన అవసరాన్ని మరచి, వస్తువు గొప్పతనాన్ని తూచడం మొదలుపెడతాడు. తూకం ముగిసేసరికి తనకు ఏది కావాలన్న ప్రశ్న మరుగున పడిపోతుంది. ఈ మాట ఎన్నో విషయాలకు వర్తించినా, వేగవంతమైన కార్లను గురించి నేటి యువతీయువకులు చేసే చర్చలలో మరింత స్పష్టంగా కనిపిస్తుంది.

కార్లపై మక్కువ గల యువకుల మధ్య చాలాకాలంగా నలుగుతున్న వాదం ఒకటి ఉంది. ఒకే కారు కొనుక్కొని దానిని నిత్యం వీథిలో నడుపుతూ, సెలవు దినాలలో పందెపు బాటపై పరుగెత్తించాలంటే జర్మనీ దేశపు పోర్షే 911 జి.టి.3 మేలా, జపాను దేశపు నిస్సాన్ జి.టి.ఆర్. మేలా? ఈ రెండింటిలో దేని వెలయైనా మన డెల్టాలోని మధ్యతరగతి రైతు జీవితకాలపు సంపాదనను మించి ఉంటుంది. అయినా ఈ చర్చ నిరర్థకం కాదు. కొనలేని వస్తువును గురించి ఆలోచించేటప్పుడు అలవడిన వివేకం, కొనగలిగిన వస్తువు ఎదుట నిలిచినప్పుడు అక్కరకు వస్తుంది.

ముందుగా ఆ రెండు వాహనాల స్వభావాన్ని పరిశీలిద్దాం. పోర్షే 911 అన్న పేరుకు 1963 నుండి చరిత్ర ఉంది. అందులో పందెపు బాటను దృష్టిలో ఉంచుకొని రూపొందించిన జి.టి.3 రకం 1999లో వెలువడింది. 2021లో వచ్చిన రూపంలో నాలుగు లీటర్ల ఇంజను 510 అశ్వశక్తినిస్తుంది. నిమిషానికి 9,000 సార్లు తిరగగలదు. ఇంజను కారు వెనుక భాగంలో, వెనుక ఇరుసుకు ఆవలగా ఉంటుంది. వెనుక చక్రాలే కారును ముందుకు నెడతాయి. బరువు సుమారు 1,435 కిలోలు. అందులో సాధారణంగా ఇద్దరికి మాత్రమే చోటు.

నిస్సాన్ జి.టి.ఆర్. తీరు వేరు. ఇది 2007లో జపానులో అమ్మకానికి వచ్చింది. మన దేశంలో 2016లో అడుగుపెట్టింది. దాని 3.8 లీటర్ల ఇంజను రెండు టర్బోల సహాయంతో 570 అశ్వశక్తినిస్తుంది. ఒక్కొక్క ఇంజనును ఒక్కొక్క నిపుణుడు స్వహస్తాలతో కూర్చి, దానిపై తన పేరున్న పలకను బిగించడం అక్కడి సంప్రదాయం. ఇంజను శక్తి నాలుగు చక్రాలకూ అందుతుంది. బరువు సుమారు 1,750 కిలోలు. వెనుక సీట్లు ఇరుకైనవే అయినా నలుగురు కూర్చోవచ్చు. 2025 ఆగస్టులో దీని తయారీ నిలిచిపోయింది. కనుక ఇకపై దీనిని కోరేవారు ఇదివరకే తయారైన బండ్లలోనే వెదకుకోవాలి.

అంకెలను పైపైన చూసేవారు 570 అన్న సంఖ్య 510 కంటే పెద్దది కనుక జి.టి.ఆర్. గొప్పదని తీర్పు చెబుతారు. కాని శక్తిని బరువుతో పోల్చి చూడాలి. టన్ను బరువుకు జి.టి.3లో సుమారు 355 అశ్వశక్తి లభిస్తే, జి.టి.ఆర్.లో సుమారు 325 మాత్రమే లభిస్తుంది. జర్మనీలోని నూర్బుర్గ్‌రింగ్ బాటపై 20.8 కిలోమీటర్ల చుట్టును 2021 నాటి జి.టి.3 ఏడు నిమిషాలకు లేశమాత్రం తక్కువ కాలంలో పూర్తిచేసింది. జి.టి.ఆర్.లో మరింత పదును పెట్టిన నిస్మో రకం 2013లో అదే బాటపై, ఇంచుక పొట్టి కొలతతో, 7 నిమిషాల 8 సెకన్లకు పైగా తీసుకొంది. కాలం, టైర్లు, కొలత వేరైనందున ఈ రెండింటినీ సరిసమానంగా పోల్చడం న్యాయం కాదు. అయినా తేలికదనం ఎంత విలువైన గుణమో ఈ ఉదాహరణ తెలుపుతుంది.

పందెపు బాట వాహనాన్ని పరీక్షించే తీరు విలక్షణమైనది. అక్కడ పదేపదే గట్టిగా బ్రేకు వేయాలి; మలుపులో బరువు ఒకవైపుకు ఒరుగుతుంది; టైర్లూ, బ్రేకులూ, ఇంజను నూనె కాగిపోతాయి. బరువు ఎక్కువైన కొద్దీ ఈ వేడి పెరుగుతుంది. తేలికైన బండి త్వరగా ఆగుతుంది, త్వరగా మలుగుతుంది, ఎక్కువసేపు అలసిపోకుండా ఉంటుంది. కనుక పందెపు బాటకు మాత్రమే అయితే జి.టి.3 తగినదని నా అభిప్రాయం.

ఇక వీథి సంగతి చూద్దాం. వీథి అనగానే జర్మనీ రహదారులను ఊహించుకోవడం పొరపాటు. మన వీథి మనకున్నదే. గోదావరి డెల్టాలో బాటల పుట్టుకే వేరు. సర్ ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో 1847లో మొదలై 1852 నాటికి పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట నుండి కాలువలు పాయలు పాయలుగా చీలి పొలాలకు నీటిని, పడవలకు దారిని ఇచ్చాయి. ఆ కాలువగట్లపైనే తరువాతి కాలంలో ఎన్నో రోడ్లు ఏర్పడ్డాయి. నీరు ఎటు వంగితే బాట అటు వంగింది. ఒకవైపు కాలువ, మరొకవైపు పల్లపు చేను. నడుమ ఒక బస్సు, ఒక లారీ ఎదురైతే ఊపిరి బిగబట్టి తప్పుకోవలసిన వెడల్పు. ఎన్నో చోట్ల అడ్డుగోడ ఉండదు. మలుపు తప్పిన వాహనానికి తదుపరి స్థానం కాలువే.

అంతేకాదు, మన బాట కేవలం వాహనాలది కాదు. సార్వా, దాళ్వా కోతల కాలంలో రైతు ధాన్యాన్ని రోడ్డుపైనే ఆరబోస్తాడు. వానకు తడిసిన పొలాల నుండి వచ్చిన ట్రాక్టరు చక్రాల మట్టి తారుపై జిగురుగా పరచుకొంటుంది. భీమవరం పరిసరాలలో చేపల లారీల నుండి కారే నీరు రోడ్డును జారుడుబల్లగా మారుస్తుంది. గేదెల మంద, బడి విడిచిన పిల్లలు, కొబ్బరికాయల బండి, సైకిలుపై పాలబిందె, ఇవన్నీ ఆ బాటకు హక్కుదారులే. ప్రమాణాల ప్రకారం వేసిన వేగనిరోధకం సుమారు 3.7 మీటర్ల వెడల్పున మెల్లగా లేచి పది సెంటీమీటర్ల ఎత్తుకు చేరాలి. ఊరివారు తమ పిల్లల ప్రాణాలకు భయపడి వేసుకొనే దిబ్బలు ఇంతకంటే నిటారుగా ఉంటాయి. నేలకు దాదాపు ఆనుకొని ఉండే పందెపు కారుకు ఆ దిబ్బ ఒక పర్వతమే.

ఈ పరిస్థితులలో జి.టి.3 గుణాలలో కొన్ని దోషాలుగా మారతాయి. బిగువైన స్ప్రింగులు గుంతల దెబ్బను నడుము వరకు చేరుస్తాయి. పందెం కోసం బిగించే టైర్లకు గాళ్లు తక్కువ కనుక నిలిచిన వాననీటిపై పట్టు సడలుతుంది. నాలుగు చక్రాలకూ శక్తినందించే జి.టి.ఆర్. తడి నేలపై కొంత నిబ్బరంగా ఉంటుంది. ఇంటిల్లిపాదినీ కాకపోయినా పిల్లలనైనా ఎక్కించుకోగలదు. నెలలో ఒకనాడు పందెపు బాటకు వెళ్లేవాడు తక్కిన రోజులన్నీ వీథిలోనే నడపాలి. పైగా ప్రసిద్ధమైన పందెపు బాటలు మనకు చేరువలో లేవు. చెన్నై సమీపాన ఇరుంగట్టుకోట్టై బాటకు రాజమహేంద్రవరం నుండి ఐదు వందల కిలోమీటర్లకు పైగా ప్రయాణించాలి. కోయంబత్తూరు బాట మరింత దూరం. కనుక రెండు పనులకూ ఒకే కారు కావాలని పట్టుబట్టేవారికి ఈ రెండింటిలో జి.టి.ఆర్.నే నేను సూచిస్తాను. రోజూ చేసే పనికి తగినది, అరుదుగా చేసే పనికి కొంత తగ్గినా ఫరవాలేదు.

అయితే ఈ తీర్పుకు ఒక పరిమితి ఉంది. వీథిలో ఆ కార్ల అసలు శక్తిని వినియోగించే అవకాశమే లేదు. 2018 నాటి కేంద్ర ప్రభుత్వ ప్రకటన ఎక్స్‌ప్రెస్ వేలపై సైతం కార్లకు గంటకు 120 కిలోమీటర్లనే గరిష్ఠ వేగంగా పేర్కొంది. ఈ రెండు కార్లూ నిలిచిన చోటు నుండి 100 కిలోమీటర్ల వేగాన్ని నాలుగు సెకన్లలోపే అందుకొంటాయి. అంటే నాలుగవ సెకను తరువాత ఆ శక్తికి వీథిలో చేయదగిన పని దాదాపు లేదు.

భౌతికశాస్త్రం చదివిన విద్యార్థికి దీని కారణం తెలిసినదే. వేగం రెట్టింపైతే గతిజశక్తి నాలుగు రెట్లవుతుంది. పొడి రోడ్డుపై గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే కారు బ్రేకు పడిన తరువాత సుమారు 20 మీటర్లలో ఆగితే, 120 కిలోమీటర్ల వేగంతో పోయేది సుమారు 80 మీటర్లు తీసుకొంటుంది. అపాయాన్ని చూసి కాలు బ్రేకును తొక్కడానికి ఒక సెకను పడుతుందనుకొంటే, ఆ సెకనులోనే మొదటి కారు 17 మీటర్లు, రెండవది 33 మీటర్లు దాటిపోతాయి. కాలువగట్టు మలుపులో అంత దూరం కంటికి కనిపించదు. కనిపించని దూరంలో ఆగడం ఏ కారుకూ సాధ్యం కాదు.

కొందరు దీనికి ఒక సమాధానం చెబుతారు. అర్ధరాత్రి వేళ రోడ్డు నిర్మానుష్యంగా ఉంటుంది కదా, అప్పుడు వేగంగా నడిపితే తప్పేమిటని వారి ప్రశ్న. వీథి పందెపు బాటగా మారడానికి ఏమేమి కావాలో మన తెలుగునేలపైనే ఒకసారి చూశాం. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున విద్యుత్ కార్ల ఫార్ములా ఇ పందెం జరిగింది. సుమారు 2.8 కిలోమీటర్ల ఆ చుట్టులో 18 మలుపులు. ఫ్రాన్సు దేశీయుడు జాన్ ఎరిక్ వెర్న్ విజేతగా నిలిచాడు. ఆ పందెం కోసం నగర వీథులలో రాకపోకలను ఆపివేశారు. బాటకు ఇరువైపులా కాంక్రీటు గోడలు, వాటిపై ఇనుప కంచెలు నిలిపారు. హెచ్చరిక జెండాలు పట్టిన సిబ్బందీ, వైద్యులూ సిద్ధంగా ఉన్నారు. అంత ఏర్పాటు చేసిన తరువాతనే వీథి పందెపు బాటగా మారింది. పందెం ముగియగానే మళ్లీ వీథి అయింది. అర్ధరాత్రి రోడ్డుకు ఈ ఏర్పాట్లలో ఒక్కటీ లేదు. అది నిర్మానుష్యమని నమ్మే యువకుని నమ్మకం మాత్రమే ఉంది. ఆ వేళ రోడ్డు దాటే వృద్ధునికి ఆ నమ్మకం సంగతి తెలియదు.

వేగాన్ని ప్రేమించిన పెద్దలు ఈ సత్యాన్ని ముందుగానే గ్రహించారు. మద్రాసు మోటారు క్రీడాభిమానులు 1950ల నుండి నగర వీథులను విడిచి, షోలవరంలోని పాత విమానాశ్రయపు రన్‌వేపై పందేలు జరుపుకొన్నారు. తరువాత 1990లో ఇరుంగట్టుకోట్టైలో ప్రత్యేకమైన బాటను నిర్మించుకొన్నారు. 2005లో నారాయణ్ కార్తికేయన్ ఫార్ములా 1 పందేలలో పాల్గొన్న తొలి భారతీయుడయ్యాడంటే, దాని వెనుక అటువంటి బాటలున్న నేల ఉంది. వేగానికి చోటు చూపిన సమాజమే వీరుణ్ణి తయారుచేసుకోగలిగింది.

ఈ చర్చ మన ఇళ్లకు రెండు చక్రాల రూపంలో వస్తుంది. ఇంటర్మీడియట్ ముగించిన కుమారుడు పందెపు బండి పోలికగల మోటారు సైకిలు కోరుతాడు. తండ్రి పంట సొమ్ము నుండి కొంత, అప్పు కొంత కూర్చి కొంటాడు. ఆ బండిపై నడిపేవాడు ముందుకు వంగి పడుకొన్నట్లు కూర్చోవాలి. వెనుక సీటుపై తల్లి ఎక్కలేదు. కాలువగట్టు గుంతలలో మణికట్లు నొప్పి పెడతాయి. మన దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల వలన 1,68,491 మంది మరణించారని కేంద్ర రవాణా మంత్రిత్వశాఖ నివేదిక తెలిపింది. వారిలో నూటికి 44 మంది ద్విచక్ర వాహనాలపై వెళుతున్నవారే. మొత్తం మరణాలలో నూటికి 70కి పైగా అతివేగంతో ముడిపడినవి. ఈ అంకెల వెనుక ఎన్ని ఇళ్లలో దీపాలు ఆరిపోయాయో ఊహించుకోవచ్చు.

యువకుల వేగకాంక్షను నిందించి ప్రయోజనం లేదు. ఆ కాంక్షలో సాహసముంది, యంత్రంపై ప్రేమ ఉంది, నైపుణ్యం సంపాదించాలన్న తపన ఉంది. వాటిని తుంచివేయక తగిన చోటికి మళ్లించాలి. మోటారు క్రీడలకు సురక్షితమైన చిన్న బాటలను ప్రభుత్వమూ, వితరణశీలురూ జిల్లాలలో ఏర్పాటు చేస్తే, అక్కడ శిరస్త్రాణం ధరించి, గురువు పర్యవేక్షణలో బ్రేకు వేయడం నేర్చిన యువకుడు వీథిలో మరింత జాగ్రత్తగా నడుపుతాడు. వేగపు రుచిని తగిన చోట చూసినవానికి తగని చోట దానిని వెదకే అవసరం తగ్గుతుంది.

గోదావరి రైతుకు ఈ విషయం ఎవరూ చెప్పనక్కరలేదు. పరుగు పందేనికి పెంచిన ఎడ్లను అతడు దమ్ము చెక్కకు కట్టడు. దమ్ము చేసే ఎడ్లను పందేనికి తోలడు. 2025 సంక్రాంతి వేళ ఆత్రేయపురం కాలువలో పడవ పందేలు జరిగినప్పుడు సన్నని పొడవైన పడవలు నీటిని చీల్చుకొని పోయాయి. లంక గ్రామాలకు మనుషులను దాటించే పడవ రేవులోనే తన పని తాను చేసుకొంది. ఏ పడవ గొప్పదని అక్కడ ఎవరూ వాదించుకోలేదు. వాహనం కొనబోయే యువకుడు కూడా దుకాణంలో వేగమెంత అని అడగడానికి ముందు, తన ఇంటి నుండి కళాశాల వరకు గల బాటను ఒకసారి తలచుకోవాలి. అందులో ఎన్ని మలుపులున్నాయి, ఎన్ని బడులున్నాయి, తన వెనుక ఎవరు కూర్చుంటారు? ఈ మూడు ప్రశ్నలకు సమాధానం దొరికితే ఏ బండి కొనాలో తేలిపోతుంది.