మన్యపు సరిహద్దున మనోవ్యథ

2022 జూలైలో భద్రాచలముకడ గోదావరి 71 అడుగులు దాటినది. 1986లో వచ్చిన 75.6 అడుగుల వఱద తరువాత అంతటి నీటిని ఆ పట్టణము చూచి యెఱుగదు. నీరు తీసిన పిదప అధికారులు కూలిన యిండ్లను, కొట్టుకొనిపోయిన పశువులను, మేట వేసిన పొలములను లెక్కించి పట్టికలు వ్రాసిరి. చేయదగిన పనియే. కాని మబ్బు పట్టినప్పుడెల్ల గుండె దడదడలాడు ఇల్లాలికిని, మూడేండ్ల పెట్టుబడిని ఒక్క రాత్రిలో ఏటిపాలు చేసికొని పలుకక కూర్చున్న కౌలుదారునకును అట్టి పట్టికలలో గడి యుండదు.

ఇందు దయాదాక్షిణ్యముల ప్రసక్తి లేదు. 2017లో పార్లమెంటు చేసిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము 2018 మే 29 నుండి అమలులో నున్నది. సర్కారు నడుపు సేవలయందును, సర్కారు ధనముతో నడచు సేవలయందును మానసిక చికిత్స పొందుట ప్రతి మనుజుని హక్కని దాని 18వ సెక్షను చెప్పుచున్నది. ఆత్మహత్యకు యత్నించినవానిని తీవ్రమైన మనఃక్లేశములో నున్నవానిగా భావింపవలెనని 115వ సెక్షను. అట్టి యత్నమును నేరముగా నెంచిన పాత శిక్షాస్మృతిలోని 309వ సెక్షను, 2024 జూలై 1న వచ్చిన భారతీయ న్యాయ సంహితలో చోటు పొందలేదు. 2022 అక్టోబరు 10న టెలీ మానస్ అను ఉచిత టెలిఫోను సేవ పుట్టినది. దాని సంఖ్య 14416. ఇన్ని యుండియు, బెంగుళూరు నిమ్హాన్స్ వారు 2015–16లో జరిపిన జాతీయ పరిశీలనలో, మనోవ్యాధుల రకమును బట్టి నూటికి 70 మొదలు 92 మంది వఱకు చికిత్సకు దూరముగనే యున్నట్లు తేలినది. 2022లో దేశమున ఆత్మహత్య చేసికొన్నవారు 1,70,924 మందియని నేరగణాంక శాఖ లెక్క. వారిలో 11,290 మంది సేద్యమును నమ్ముకొన్నవారు. ప్రత్తియు, మిరపయు పండించు ఖమ్మము రైతులకు ఈ రెండవ అంకెను వివరింప నక్కఱలేదు.

కౌన్సెలరను మాటకు మన పత్రికలు "సలహాదారు" అని వ్రాయుచున్నవి. అపార్థమంతయు ఆ మాటయందే యున్నదని మా అభిప్రాయము. సలహాకు మన పల్లెలలో ఎన్నడును కఱవు లేదు. పంట పోయినవాడు వీధిలోనికి రాగానే అరుగులమీదివారందఱును సలహాదారులే. "మగవాడవై యుండి ఏడ్చెదవా?", "నీకంటె కష్టపడినవారు లేరా?" అను మాటలవలన పలికినవారికి తృప్తి కలుగును, విన్నవాని నోరు మూతపడును. వాడు మఱల ఎవరితోను చెప్పడు.

నేర్చిన కౌన్సెలరు పని వేఱు. ఆమె మొదట వినును. తొలి దినము చాల భాగము వినుటతోనే గడచును. విన్నది బయట పొక్కనీయనని ముందే మాట యిచ్చును. ప్రాణాపాయ మున్నచో మాత్రము ఆ మాటకు మినహాయింపు కలదని కూడ దాచక చెప్పును. చావు తలంపు వచ్చుచున్నదా యని సూటిగా అడుగును. అట్లడిగిన లేని తలంపు పుట్టునని మనవారి భయము. పరిశోధనలు ఈ భయమును సమర్థింపలేదు. అడుగువారు దొరికినందుకు అనేకులకు గుండె బరువు తగ్గును. ఔనని చెప్పినచో ఆమె వేదాంతము చెప్పదు. పురుగుమందు డబ్బా ఎక్కడ నున్నదో కనుగొని, ఇంటివారితో మాటలాడి, పొరుగింటికి చేర్పించును. రాత్రి ఏ జాము దుస్సహముగా నుండునో, అప్పు డెవరిని పిలువవలెనో వానితోనే వ్రాయించును. పిదప వారము వారమును చిన్న పనులు: రేపు గట్టు వఱకు నడచి వచ్చుట, ఎల్లుండి బ్యాంకులో వాయిదా మార్పునకు అర్జీ యిచ్చుట. ఏది ముందో, ఏది వెనుకనో తేల్చువాడు వ్యథపడువాడే గాని ఆమె కాదు. అమెరికావాడగు కార్ల్ రోజర్సు 1942లో ప్రకటించిన గ్రంథమున ఇట్టివానిని రోగి యనక "క్లయింటు" అనుటకు కారణ మిదియే. మనకు క్లయింటనగానే వకీలుగారి కక్షిదారు జ్ఞప్తికి వచ్చును. పోలిక చెడ్డది కాదు. వకీలెంత వాదించినను వ్యాజ్యము కక్షిదారుదే కదా!

ఇది పాశ్చాత్యుల సరకని కొట్టివేయువారు భద్రాద్రికి పోయి, పర్ణశాల చూచి వచ్చి, సుందరకాండము మఱల తెఱతురుగాక. సీత తన జడతోనే ప్రాణము తీసికొన నిశ్చయించిన వేళ హనుమంతుడు చెట్టుకొమ్మల నడుమ నున్నాడు. దుమికి ధర్మోపన్యాసము చేయలేదు. ఏ భాషలో మాటలాడవలెనని ఆలోచించినాడు. పండితునివలె సంస్కృతమున పలికిన రావణుడే యని ఆమె భయపడునేమో యని సామాన్య మనుజుల పలుకుబడిని ఎన్నుకొన్నాడు. ఆమె ఎఱిగిన కథతో మొదలిడినాడు. ఆమె శంకించినపుడు నొచ్చుకొనక, అడిగినదానికెల్ల గుఱుతులు చెప్పినాడు. తుదకు వీపుపై మోసికొనిపోదునన్నపుడు ఆమె వలదన్నది. సముద్రము దాటిన బలశాలి ఆ దుఃఖితురాలి నిర్ణయమునకు తలవంచి, చూడామణిని మాత్రము గైకొని మరలినాడు. రోజర్సు శిష్యులు దీనికంటె ఎక్కువ చెప్పిరా?

భాషయే ఇచ్చట ముఖ్యాంశము. సరిహద్దు పల్లెలలో కోయ మాట ఇంటి మాట. తెలుగు సంతకును, కచ్చేరికిని పనికివచ్చును గాని దుఃఖము ఆ తెలుగులో రాదు. కోయ భాష రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలున లేదు. టెలిఫోను సేవ రాష్ట్రముల ప్రధాన భాషలను చూచుకొనుచున్నది. 2005 తరువాత బస్తరున సల్వా జుడుం కలహములకు ఊళ్లు విడిచి వచ్చిన గుత్తి కోయలు ఖమ్మము అడవులలో గుడిసెలు వేసికొన్నారు. వారికి మన తెలుగును అంతంతమాత్రమే. 2014లో పోలవరము కొఱకు గోదావరి యొడ్డు మండలములు ఆంధ్రప్రదేశమున చేరుటతో, భద్రాచలమునకు కూతవేటు దూరమున నున్న ఊళ్లు సయితము వేఱు రాష్ట్రపు ఊళ్లయినవి. మనోవ్యథకు సరిహద్దు రాయి తెలియునా? మాతృభాషలో పాలన, మాతృభాషలో విద్య అని ఆంధ్రులమైన మనము అడిగినదానిని కోయలు అడిగినపుడు కాదనుటకు మన నోరెట్లు వచ్చును?

రహస్యమునకును మన్యమున మఱియొక బరువున్నది. అడవిలోనివారును, రక్షకభటులును ఏండ్ల తరబడి వంతులవారిగా ప్రశ్నించిన పల్లెలవి. కౌన్సెలరు వ్రాసికొన్న కాగితము ఠాణాకు పోవునని ఒక్కసారి పుకారు పుట్టినచో ఆ గది తలుపు మఱల ఎవ్వరును తట్టరు. చట్టము 23వ సెక్షనున గోప్యతకు హామీ యిచ్చినది. దానిని జిల్లా అధికారులు అక్షరాల పాటింపవలెను.

ఇంతమంది పట్టభద్రులు ఎక్కడ దొరకుదురని ఆక్షేపణ రావచ్చును. జింబాబ్వే దేశమున వైద్యుల కొఱత మనకంటె ఘోరము. అక్కడ 2006లో డిక్సన్ చిబండా అను వైద్యుడు ఊరి అవ్వలకే ఈ విద్య నేర్పి, ఆసుపత్రి ముంగిట బల్లలపై కూర్చుండబెట్టినాడు. 2016లో వెలువడిన పరీక్షా ఫలితములు దానివలన మేలు కలుగుటను రుజువు చేసినవి. మన గోవాలోనే, తీవ్రమైన విషాదమున నున్నవారికి సామాన్య విద్యగల స్థానికులు ఆఱు మొదలు ఎనిమిది మార్లు కూర్చుండి చేసిన సహాయము ఫలించినట్లు 2017లో లాన్సెటు పత్రిక ప్రకటించినది. ఇవి మందులకు మాఱు కావు. మతి చలించి లేని గొంతుకలు వినుచున్నవానికి వైద్యుడే కావలెను, మందే కావలెను. అట్టివానిని గుర్తించి పంపుట కూడ ఆమె నేర్చుకొనవలసిన పనియే. పల్లెలోని వడ్డెను హేళన చేయుటయు మాకు సమ్మతము కాదు. పూజ చేయించుకొనుడు, ఆసుపత్రికిని రండు అన్నచో వత్తురు. అయితే దోషమును పొరుగింటి ముసలిదాని చేతబడిపై మోపువానియెడ మాత్రము మెత్తదనము పనికిరాదు. ఆ మాట ఎన్ని ప్రాణములు తీసినదో మన్నె మెఱుగును.

ఇంకొక సందేహము విజ్ఞులది. మనవారు పెద్దదిక్కును కోరుదురు. నీవే నిర్ణయించుకొనుమన్నచో తమను వదలివేసినట్లు తలంతురు. ఈ సంగతిని జస్వంత్ సింగ్ నేకీ అను భారతీయ మనోవైద్యుడు 1973లోనే గుర్తించి, గురుశిష్య సంబంధమును చికిత్సకు మాదిరిగా చూపినాడు. మేము కాదనము. తొలుత పెద్దదిక్కుగా నుండుట తప్పు కాదు. శిష్యుడు ఎన్నటికిని శిష్యుడుగనే యుండవలెనను గురువు మాత్రము పనికిరాడు.

భూస్వాములగు పాఠకులకు ఒక్క మాట. మీ కౌలుదారు మూడు దినములు పొలమునకు రాకున్న బాకీ నడుగుటకు ముందు క్షేమము నడుగవలెను. మీ యింటిలోనే గదిలో పెట్టి గొళ్లెము వేసిన వ్యాధి యున్నచో, సంబంధములు చెడునను భయమున దానిని దాచుట మానవలెను.

మేము కోరునది పెద్దది కాదు. భద్రాచలమున గిరిజనాభివృద్ధి సంస్థ కలదు. చదివిన కోయ యువతులు కలరు. వారిలో కొందఱిని ఎన్నుకొని, శిక్షణ నిచ్చి, వారిపై పర్యవేక్షణకు ఒక మనోవైద్యుని నియమించి, ఆశ్రమపాఠశాలలకును, ప్రాథమిక ఆరోగ్య కేంద్రములకును పంపవలెను. వారపు సంత జరుగు చోట తలుపుగల యొక గది యీయవలెను. ఏటవతలి పల్లెలవారు వచ్చినచో ఏ రాష్ట్రమని అడుగక లోనికి పిలువవలెను. వఱదకు ముందు కరకట్టను చూచుకొను దినములలోనే ఈ నియామకములును ముగియవలెను.