ఇంటింటికీ ఇంటర్నెట్.. గడియ పెట్టేదెవరు?

రౌటర్ భద్రతపై కొరవడిన అవగాహన
పాస్‌వర్డ్ మార్చకుంటే పరాయివారికీ ప్రవేశం

మహబూబ్‌నగర్: మంచినీటి పైపుల కోసం తవ్విన కందకాలే ఇంటర్నెట్‌కూ దారి చూపాయి. మిషన్ భగీరథ పైలాన్‌ను 2015 జూన్‌లో నాటి నల్గొండ జిల్లా చౌటుప్పల్‌లో ఆవిష్కరించారు. ఆ పైపులైన్ల వెంట టీ-ఫైబర్ కేబుళ్లు వేశారు. 2024 డిసెంబరులో ఈ సేవలను ప్రయోగాత్మకంగా ప్రారంభించిన గ్రామాల్లో నారాయణపేట జిల్లా మద్దూరు ఒకటి. వలసలకు మారుపేరైన పాలమూరులో దూరాన ఉన్నవారిని చూసి మాట్లాడేందుకు ఇది గొప్ప వసతే. అయితే తీగ ఇంట్లోకి వచ్చాక దాని రక్షణ ఎవరిదన్న ప్రశ్నకే సమాధానం కరవవుతోంది.

రెండు తాళాలు
గోడకు బిగించే రౌటర్‌కు రెండు పాస్‌వర్డ్‌లు ఉంటాయి. ఫోన్లో వైఫై కోసం కొట్టేది మొదటిది. రౌటర్ అమరికలను మార్చేందుకు వాడేది రెండోది. ఇది పరికరాన్ని బట్టి ‘అడ్మిన్’ వంటి తేలిక పదంగానే ఉండిపోవచ్చు. దాన్ని మార్చకపోతే వైఫై అందినవారెవరైనా ఇంటి నెట్‌వర్క్‌పై పెత్తనం చేయగలరు.

అనుభవాలు నేర్పిన పాఠం
2008 జులై 26న అహ్మదాబాద్ పేలుళ్లకు ముందు వచ్చిన ఈ-మెయిల్ జాడ నవీ ముంబయిలోని ఓ అమెరికన్ ఇంటికి చేరింది. రక్షణ లేని ఆయన వైఫైని దుండగులు వాడుకున్నారు. విచారణను మాత్రం ఆయన ఎదుర్కోవాల్సి వచ్చింది. 2016లో ‘మిరాయ్’ అనే వైరస్, కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డ్‌లు మార్చని సీసీ కెమెరాలు, రౌటర్లలోకి చొరబడింది. వాటి సాయంతోనే ట్విట్టర్ వంటి సైట్లను స్తంభింపజేశారు.

చేయాల్సినవి ఇవీ
* రెండు పాస్‌వర్డ్‌లనూ మార్చాలి. ఇంటి పేరు, ఫోన్ నంబరు వాడరాదు.
* రక్షణ విధానంగా డబ్ల్యూపీఏ2 లేదా డబ్ల్యూపీఏ3 ఎంచుకోవాలి.
* బటన్ నొక్కి కలిపే డబ్ల్యూపీఎస్‌ను ఆపివేయాలి.
* రౌటర్ సాఫ్ట్‌వేర్‌ను ఎప్పటికప్పుడు నవీకరించాలి.
* అతిథులకు, సీసీ కెమెరాలకు ‘గెస్ట్’ నెట్‌వర్క్ కేటాయించాలి.
* సొమ్ము పోతే వెంటనే 1930కు ఫోన్ చేయాలి.

బిగించేటప్పుడే భద్రత
ఇవన్నీ పది నిమిషాల పని. కానీ అమరికల పేజీ ఆంగ్లంలో ఉంటే చాలా ఇళ్లలో దాని జోలికి వెళ్లరు. కనెక్షన్ ఇచ్చే సిబ్బందే ఇంటివారి ఎదుట పాస్‌వర్డ్‌లు మార్పించి, తెలుగులో సూచనల పత్రం అందిస్తే సగం ముప్పు తప్పుతుంది. ఊరూరా తీగ లాగిన యంత్రాంగానికి ఇదేమంత భారం కాబోదు.