పెరటి తోట: శరత్తున వచ్చునవి, పోవునవి

ఆంధ్రదేశమున మార్చి, ఏప్రిల్ నెలలనగా మామిడికాయలు ముదురు వేసవి. దక్షిణాఫ్రికాలోని క్వాజూలు-నేటాల్ సముద్రతీరమున నవియే శరత్కాలపు దినములు. ఇచ్చట చెట్లన్నియు ఆకులు రాల్చి బోడివై నిలువవు. కావున కాలము మాఱినదను సంగతిని చెట్లకంటె పక్షులును జంతువులును ముందుగా దెలుపుచుండును. తెల్లవాఱుజామున గాలి చల్లబడును. వానలు తగ్గును. జామపండ్లు పండును. చెఱకు కోతలు మొదలగును. పెరటి తోటలోనికి ఏ ప్రాణి వచ్చునో, ఏది విడిచిపోవునో ఈ నాలుగు సంగతులనుబట్టి తెలిసికొనవచ్చును.

మొదట పోవుదానిని చూతము. మార్చి నెలలో సాయంకాలమున తీగెలమీద వరుసదీరి కూర్చుండు చిన్న పక్షులను చూడని పిల్లవాడుండడు. నీలము కలసిన నల్లని వీపు, ఎఱ్ఱని కంఠము, రెండుగా చీలిన తోక గల యా పక్షి వానకోవెల. దీని బరువు సుమారు 20 గ్రాములు మాత్రమే. ఇది గూడు కట్టి పిల్లలను పెంచునది ఐరోపా ఖండమున. అచ్చట చలి ముదురక మునుపే బయలుదేఱి, సుమారు 10,000 కిలోమీటర్లు ఎగిరి, అక్టోబరు, నవంబరు నెలలలో నేటాల్ చేరును. ఎగురు పురుగులను పట్టి తిని, ఏప్రిల్ మధ్యనాటికి మరల ఉత్తరదిక్కునకు పోవును.

డర్బనునకు ఉత్తరముగా మౌంట్ మోర్లాండ్ అను గ్రామమువద్ద, చెఱకు పొలముల చెంత, కిక్కిస గడ్డి మొలచిన మడుగొకటి గలదు. కొల్లేటి ప్రాంతమువారికి కిక్కిస క్రొత్తది కాదు. ఈ శతాబ్దపు తొలి సంవత్సరములలో ఆ గడ్డిలో రాత్రి నిద్రించు వానకోవెలలు 30 లక్షల వఱకు నుండునని అంచనా వేసిరి. ప్రొద్దు గ్రుంకగనే ఆకాశమంతయు పొగవలె నల్లనై, గుంపులు సుడులు తిరిగి, తటాలున గడ్డిలోనికి దిగును.

ఆ సమీపమున లామెర్సీవద్ద క్రొత్త విమానాశ్రయము కట్టదలచినప్పుడు, పక్షులవలన విమానములకు ప్రమాదము కలుగునని, అందుచేత ఆ గడ్డికే ముప్పు వచ్చునని పక్షులను ప్రేమించువారు భయపడిరి. కాని గడ్డిని నిర్మూలము చేయలేదు. పక్షుల గుంపులు ఎచ్చట, ఎంత ఎత్తున నున్నవో కనిపెట్టు రాడార్ యంత్రమును ఏర్పఱచిరి. 2010 మే 1వ తేదీని విమానాశ్రయము తెఱవబడెను. కొట్టివేయుటకు మాఱు చూచుట నేర్చుకొనిరి. ఇంత పెద్దపనిలో పనికివచ్చిన ఈ బుద్ధి చిన్న పెరటిలోను పనికివచ్చును.

పోనిది గోరువంక. ఇదియు ఇండియానుండి వచ్చినదే. తెచ్చి పంజరములలో పెంచిన పక్షుల సంతతి 1902 ప్రాంతమున డర్బనులో తప్పించుకొని, దేశమంతట వ్యాపించినది. 1860లో మద్రాసునుండి ట్రూరో అను ఓడలో వచ్చిన కూలివారివలెనే ఇదియు తిరిగిపోక నిలిచినది. శరత్తున జామచెట్టుమీద మొదటి కేక దీనిదే.

జామపండునకు కోతులును వచ్చును. నల్లని మొగము, బూడిదవన్నె బొచ్చు గల ఈ కోతులలో, అక్టోబరు మొదలు డిసెంబరు వఱకు పుట్టిన పిల్లలు ఏప్రిల్ నాటికి తల్లిని విడిచి కొమ్మలమీద ఆడ నేర్చుచుండును. పండ్లు కొన్ని పోవుట నిజము. అయినను వానికి చేతితో అన్నము పెట్టరాదు. చేతినుండి తిన మరగిన కోతి, పెట్టనినాడు చేయి కఱచును.

ఇక ఊసరవెల్లి. డర్బను ప్రాంతపు తోటలలో చేతి వ్రేలంత చిన్నదియు గలదు. ఇది గ్రుడ్లు పెట్టదు, పిల్లలనే కనును. రాత్రివేళ దీపము పట్టుకొని కంచె పొదలను చూచినచో, ఆకులమధ్య తెల్లబాఱి నిద్రించుచు తేటగా కానబడును. జూలూలు దీనిని చూచి జడియుదురు. మనుష్యులకు చావులేదను వార్తను దేవుడు ఊసరవెల్లిచే పంపగా అది దారిలో జాగుచేసినదనియు, తరువాత చావు వార్తతో బయలుదేఱిన బల్లి దానికంటె ముందు చేరినదనియు వారి కథ. కథ యెట్లున్నను, ఊసరవెల్లికి విషము లేదు. ఈగలను, చిన్న పురుగులను తిని తోటకు మేలే చేయును. కంచె కత్తిరించువారు ముందుగా కొమ్మలను చూచిన యెడల ఒక తల్లియు దాని పిల్లలును బ్రతుకును.

అన్నిటికంటె జాగ్రత్త వలసినది పాముల విషయము. ఏప్రిల్ మొదలుకొని చెఱకు తోటలకు నిప్పుపెట్టి కోయుదురు. మంటకు వెఱచి ఎలుకలు ఇండ్లవైపు పరుగెత్తును. ఎలుకల వెంట పాములు వచ్చును.

ఒక ఇంటి పెరటిలో మనుమడు కఱ్ఱ ఎత్తి, "అవ్వా, పచ్చపాము! మాంబా వచ్చినది!" అని అఱచెను. అవ్వ వాని చేయి పట్టి వెనుకకు లాగి, "ఆగుము నాయనా. దగ్గఱకు పోకుము. ఇచ్చటనే నిలిచి చూడుము" అనెను. పాము గోడమీదికి ప్రాకుచుండెను. సన్నని పచ్చని దేహము, మెడ మొదలు సగమువఱకు నల్లని చుక్కలు, బంగారువన్నె కన్ను. అది బల్లులను, కప్పలను తిను చుక్కల పొదపాము, విషము లేనిది. అవ్వ ఆ చుక్కలను చూపగా మనుమడు కఱ్ఱ దించెను. కొంతసేపటికి పాము తానే కంచె దాటిపోయెను.

పచ్చ మాంబాకు చుక్కలుండవు. దాని కాటు ప్రాణాంతకము. పెద్ద కన్నులు, పొట్టి తల గల బూమ్‌స్లాంగ్ అను విషసర్పము సైతము పచ్చగా నుండవచ్చును. కాబట్టి గుర్తు తెలియని పామును గుర్తుపట్టుటకై సమీపింపరాదు. పిల్లలను లోపలికి పిలిచి, పాములు పట్టువారికి కబురు పంపవలెను. పాముకాట్లలో అనేకములు పామును చంపబోయినవారికే తగులును.

విషము చిమ్ము నాగుపాము మఱియొక రకము. ఇది రెండు మూడు మీటర్ల దూరమునుండి కన్నులలోనికి విషము చిమ్మగలదు. అట్లు జరిగినచో కన్ను నలుపక, వెంటనే పావుగంటకు తక్కువ కాకుండ మంచినీటితో కడిగి, ఆసుపత్రికి కొనిపోవలెను. ఇది రాత్రి ఇండ్లలోనికి వచ్చి నిద్రించువారిని కఱచుటయు కలదు. తలుపుక్రింది సందును గుడ్డతో మూయుడు. నేలమీద పండుకొను పిల్లలకు మంచము అమర్చుడు. రాత్రి దీపము లేక బయట అడుగుపెట్టకుడు. కాటు పడినచో కోయుట, పీల్చుట, త్రాడు బిగించుట కూడదు. రోగిని కదలనీయక శీఘ్రముగ వైద్యునికడకు చేర్చవలెను.

తల్లులారా, తండ్రులారా, ఈ శరత్తున పిల్లల చేతికి కఱ్ఱ ఇచ్చుటకు ముందు చూపు ఇయ్యుడు. ఏది విషముగలదో, ఏది నిరపరాధియో ఎఱిగిన పిల్లవాడు తన ప్రాణమును కాపాడుకొనును. ఊరక పోవు ప్రాణిని పోనిచ్చును. ఏప్రిల్ నడుమ ఒక ఉదయమున తీగెలు ఖాళీగా కానబడును. వానకోవెలలు వెడలిపోయినవని అప్పుడు వానికి చెప్పుడు. అక్టోబరులో తిరిగి వచ్చు మొదటి పక్షిని ఎవరు ముందు చూతురో ఇంటిల్లిపాదియు కనిపెట్టి యుండుడు.